ప్యూని బరిలోకి దించండి

వెర్లీన్ స్టర్డివెంట్‌కి కోపం వచ్చిందంటే మాబ్రీ ఊరంతా వినవలసిందే. ఆవిడ కోపం రేడియోలో వచ్చేది మరి.

బంతి చేత్తో విసిరే అమెరికా ఫుట్‌బాల్ రోజుల్లో ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి మాబ్రీ స్టేట్ కాలేజీ జట్టు కోచ్ హావర్టీ యూలా గారి చేపల హోటల్‌కి వచ్చి ఓ మూల బల్ల దగ్గర కూర్చునేవాడు. పక్కన డ్వైట్ అనే రేడియో మనిషి. వేయించిన చేపలు తింటూ అభిమానులు ఒక్కొక్కరే లేచి మైకులో ప్రశ్నలు వేసేవారు. జార్జియా దక్షిణాన నాలుగు కౌంటీల్లో అది వినిపించేది. చాలామంది అడిగేవి అసలు ప్రశ్నలే కావు. "కోచ్, మన కుర్రాళ్ళు భలే కష్టపడుతున్నారండీ" అనేసి కూర్చునేవారు. వెర్లీన్ మైకు అందుకుంటే మాత్రం హావర్టీ చేతిలో ముక్క పళ్ళెంలో పెట్టేసి మూతి తుడుచుకునేవాడు.

ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. ఇరవై తొమ్మిదేళ్ళుగా కౌంటీ బడి బస్సు నడుపుతోంది. పద్నాలుగో నంబరు బస్సు. పొద్దున్న ఐదున్నరకల్లా స్టీరింగు ముందు ఉండాలి. ఆ కాలేజీలో ఆవిడ ఒక్కరోజు కూడా చదవలేదు, ఒక్క తరగతి గదిలోకీ అడుగు పెట్టలేదు. అయినా జట్టు గురించి మాట్లాడితే "మనం" అనే అనేది. "మనం మొన్న పదిహేను తేడాతో ఓడిపోయాం." "మనకి ఎడమ పక్క కాపు కాసేవాడు లేడు." భర్త వెండెల్ పోయి ఆరేళ్ళయింది. స్టేడియంలో ఉత్తరం వైపు మెట్ల మీద, పన్నెండో వరసలో ఆయన సీటు ఇప్పుడు ఆవిడ అన్న హోయిట్‌ది. అన్నాచెల్లెళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని ఆరేళ్ళుగా కొట్టుకుంటూనే ఉన్నారు.

ఆ ఏడు వాళ్ళ గొడవంతా కెండ్రెల్ ప్యూ గురించి.

కెండ్రెల్ ఆ ఊరివాడే. ఆరేళ్ళప్పుడు వెర్లీన్ బస్సెక్కి, పన్నెండేళ్ళు ఆ బస్సులోనే బడికెళ్ళాడు. తర్వాత పెద్ద కాలేజీలు పిలిచినా వెళ్ళకుండా మాబ్రీ స్టేట్‌లోనే చేరాడు. రెండేళ్ళు జట్టుకి క్వార్టర్‌బ్యాక్ వాడే. బంతి చేతికొచ్చిన మూడు క్షణాల్లో ఎవరికి విసరాలో, ఎటు పరిగెత్తాలో తేల్చుకోవాల్సినవాడు. గెలిస్తే సగం పేరు వాడిది, ఓడితే మొత్తం తిట్లు వాడివి. అలాంటివాణ్ణి మూడో ఆట నుంచి కోచ్ మైదానం పక్కన బల్ల మీద కూర్చోబెట్టేశాడు. ఆ స్థానంలో టెక్సాస్ నుంచి వచ్చిన బ్రాక్స్టన్ లైల్ అనే కొత్తవాణ్ణి దించాడు. ఎందుకో చెప్పలేదు. ఆరు ఆటల్లో నాలుగు పోయాయి.

"కొత్తవాడి చెయ్యి చూశావుటే? అరవై గజాలు విసురుతాడు, నిలబడ్డ చోటి నుంచి" అన్నాడు హోయిట్, ఆదివారం మధ్యాహ్నం వెర్లీన్ వంటింట్లో కోడికాలు కొరుకుతూ.

"విసురుతాడు. ఎవరికి? అవతలి జట్టువాళ్ళకి. నిన్న మూడుసార్లు వాళ్ళ చేతుల్లోనే పెట్టాడు. పుట్టినరోజు కానుకలా."

"నేర్చుకుంటాడే. వయసెంతని?"

"వాడు నేర్చుకునేదాకా మనం ఓడిపోతూ కూర్చోవాలా? బాగా వచ్చినవాడు తువ్వాలు కప్పుకుని బల్ల మీద కూర్చున్నాడు. నువ్వేమో ఇక్కడ కోడికాలు చీకుతూ కోచ్‌ని వెనకేసుకొస్తున్నావు."

"కోచ్‌కి తెలియదా ఏం? రోజూ వాళ్ళని చూసేది ఆయన, నువ్వు కాదు."

"నేను ఆ పిల్లాణ్ణి పన్నెండేళ్ళు చూశాను. ఆయన నాలుగేళ్ళు కూడా చూడలేదు" అని వెర్లీన్ అన్న ముందున్న పళ్ళెం లాగేసింది. "తిన్నది చాలు. పో ఇంటికి."

హోయిట్ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

ఆ గురువారం చేపల హోటల్లో నిలబడి అడిగింది. "కోచ్, ఒక్కటే అడుగుతాను. కెండ్రెల్ ప్యూ ఏం తప్పు చేశాడు?"

"ఏ తప్పూ చెయ్యలేదు మిస్ వెర్లీన్."

"మరి ఎందుకు కూర్చున్నాడు?"

"అది జట్టు లోపలి విషయం. ప్రస్తుతానికి బ్రాక్స్టన్ మాకు సరైనవాడని అనుకుంటున్నాం."

"మేం అనుకోవడం లేదండీ. నాలుగు ఓటముల తర్వాత కూడా మీరు అలాగే అనుకుంటున్నారంటే, మీకు ఆట తెలియదో, మేం తెలివితక్కువ వాళ్ళమనుకుంటున్నారో రెంట్లో ఒకటి. ఏదో చెప్పండి, విని ఇంటికెళ్ళిపోతాను."

హోటలంతా చప్పట్లు. ఎవడో బల్ల మీద గ్లాసుతో కొట్టాడు. హావర్టీ చెవులు ఎర్రబడ్డాయి. ఏదో చెప్పబోయి ఆగి, నీళ్ళు తాగాడు. ఆ ఆగడాన్ని వెర్లీన్ పొగరనుకుంది. ఒళ్ళు మరింత మండింది.

మర్నాడు పాత దుప్పటి ఒకటి గరాజులో పరిచి, ఎర్రరంగుతో పెద్ద అక్షరాలు రాసింది: ప్యూని బరిలోకి దించండి. శనివారం పన్నెండో వరస ముందు కడ్డీకి కట్టింది. వారం తిరిగేసరికి ఆ మాట ఇళ్ళ ముందు గడ్డిలో అట్టముక్కల మీద కనిపించింది. ఆ పై వారం మంగలి షాపు అద్దం మీద, పెట్రోలు బంకు దగ్గర, చివరికి బాప్టిస్టు చర్చి పక్క ఖాళీ స్థలంలో. బస్సులో చిన్నపిల్లలు కూడా దాన్ని పాటలా పాడుతుంటే వెర్లీన్ అద్దంలో చూసి మురిసిపోయేది. హోయిట్ కూడా మాట మార్చాడు. ఏడో ఆటలో టెక్సాస్ కుర్రాడు బంతి జారవిడవగానే టోపీ తీసి నేలకేసి కొట్టి, "దించవయ్యా ప్యూని! కళ్ళు లేవా?" అని అందరికంటే గట్టిగా అరిచాడు.

మూడు గురువారాలు ఆవిడ అదే ప్రశ్న వేసింది. మూడుసార్లూ హావర్టీ అదే జవాబు చెప్పాడు. మూడోసారి ఆవిడ, "మీరు జవాబు చెప్పకపోతే కాలేజీ ప్రెసిడెంటు గారిని అడుగుతాం, ఆయనకైనా నోరుందేమో" అంది. ఆ మాట మీద నిజంగానే ఆరువందల మంది అర్జీ మీద సంతకాలు పెట్టి పంపారు. మొదటి సంతకం ఆవిడదే.

టాల్బర్ట్ కాలేజీతో ఆటకి రెండు రోజుల ముందు, రేడియోలో హావర్టీ ఎవరూ అడగకుండానే అన్నాడు. "శనివారం కెండ్రెల్ ఆడతాడు." ఎటూ చూడకుండా, పళ్ళెంలోకి చూస్తూ అన్నాడు. హోటల్లో జనం లేచి నిలబడ్డారు. యూలా గారు వంటింట్లోంచి గరిటెతో బయటికొచ్చేసింది. ఎవరెవరో వెర్లీన్ భుజం తట్టారు. "నువ్వు సాధించావమ్మా" అన్నారు. ఆవిడ నిండుగా నవ్వి, రెండోసారి చేపలు తెప్పించుకుంది.

టాల్బర్ట్ అంటే మాబ్రీకి పాత పగ. ఆ శనివారం మెట్ల మీద ఇసుక వేస్తే రాలేలా లేదు. కెండ్రెల్ మైదానంలోకి పరిగెత్తుకొస్తుంటే లేచిన అరుపుకి వెర్లీన్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. మొదటి సగంలో వాడు రెండుసార్లు స్కోరు చేయించాడు. అన్నీ దగ్గర బంతులే విసిరాడు. దూరం ఒక్కటీ విసరలేదు.

"ఏంటే, మన వాడు దూరం విసరడం లేదు?" అన్నాడు హోయిట్.

"తెలివి. అవసరమైతే విసురుతాడు."

మూడో భాగంలో అవసరం వచ్చింది. కెండ్రెల్ వెనక్కి జరిగి, చెయ్యి పైకెత్తాడు. ఎత్తిన చెయ్యి సగంలో ఆగిపోయింది. పన్నెండో వరస నుంచి కూడా ఆవిడకది కనిపించింది. ఆ క్షణంలోనే టాల్బర్ట్ వాడొకడు వచ్చి వాణ్ణి గుద్ది, కుడి భుజం మీదుగా నేలకేసి పడేశాడు. బంతి జారింది. ఇంకొకడు దాన్ని ఎత్తుకుని, ఎవరూ అడ్డం లేని గడ్డి మీద చివరిదాకా పరిగెత్తాడు.

జనం ఆ పరిగెత్తేవాణ్ణి చూశారు. వెర్లీన్ పడ్డవాణ్ణి చూసింది. వాడు లేవలేదు.

"లే! లే రా!" అని వెనక వరస నుంచి ఓ గొంతు. "బంతి పట్టుకోవడం చేతకాదు గానీ పడుకోవడం వచ్చు!"

ఆవిడ తిరిగి చూసింది. కాలేజీ కోటు వేసుకున్న బొద్దు మనిషి, చేతిలో ఉడికించిన వేరుశనగల పొట్లం, ఒళ్ళో 'ప్యూని బరిలోకి దించండి' అని రాసిన అట్టముక్క. ఆవిడ రెండు మెట్లెక్కి ఆ అట్ట లాక్కుంది. మోకాలికేసి రెండు ముక్కలు చేసి, ముక్కలు అతని ఒళ్ళోనే పడేసింది.

"ఇంకొక్క మాట అను. ఈ మెట్ల మీంచి కిందకి దొర్లిస్తాను నిన్ను."

"మీరే కదండీ ఆడించమని..." అన్నాడతను బిత్తరపోయి.

హోయిట్ చెల్లెలి మోచెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చాడు. కింద స్ట్రెచర్ వచ్చింది. ఆ తర్వాత ఎవరు గెలిచారో ఆవిడ చూడలేదు.

ఆసుపత్రి వరండాలో కెండ్రెల్ తల్లి లెనోరా ఒక్కతే కూర్చుని ఉంది. వెర్లీన్ రావడం చూసి లేవలేదు. వెర్లీన్ వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే లెనోరా మెల్లిగా విడిపించుకుంది.

"ఆ కోచ్‌ని ఊరికే వదలను లెనోరా" అంది వెర్లీన్. "ఇన్నాళ్ళు కూర్చోబెట్టి, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయాక దించితే ఏమవుతుంది మరి?"

"వాడి భుజం జులైలోనే దెబ్బతింది" అంది లెనోరా గోడ వైపు చూస్తూ. "రెండో ఆటలో లోపలి కండ ఇంకా చిరిగింది. చెయ్యి చెవి దాటి లేచేది కాదు. అందుకే కోచ్ వాణ్ణి కూర్చోబెట్టాడు. బయటికి చెప్పొద్దని వాడే బతిమాలాడు. తెలిస్తే అవతలివాళ్ళు అక్కడే కొడతారని."



"నాకెందుకు చెప్పలేదు?" అంది వెర్లీన్.

"చెబుదామనుకున్నాను. ప్రతి గురువారం వాడు వంటింట్లో భుజం మీద ఐసుమూట పెట్టుకుని మీ రేడియో వినేవాడు మిస్ వెర్లీన్. 'చూశావా అమ్మా, ఆవిడకి నా మీదెంత నమ్మకమో' అనేవాడు. పోయిన బుధవారం కోచ్ దగ్గరికెళ్ళి తగ్గిపోయిందని చెప్పాడు. నొప్పి తెలియకుండా సూది వేయించుకుంటానన్నాడు. డాక్టరు వద్దనలేదు, అబ్బాయి ఇష్టమన్నాడు. కోచ్ పైన ప్రెసిడెంటు, ప్రెసిడెంటు ముందు మీ సంతకాలు. ఎవరు కాదంటారు?" లెనోరా అప్పుడు తిరిగి చూసింది. "నేను కాదన్నాను. నా మాట ఎవరికి కావాలి?"

లెనోరా గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వెర్లీన్‌కి బాగుండేది. కోపానికి కోపంతో జవాబు చెప్పడం ఆవిడకి అలవాటు.  లేచి వచ్చేసింది.

గరాజులో దుప్పటి ఇంకా మడత పెట్టి ఉంది. దాన్ని కత్తెరతో కోసి కారు తుడిచే గుడ్డలు చేసింది. చేస్తూ తిట్టింది. హావర్టీని, డాక్టర్ని, సంతకాలు పెట్టిన ఆరువందల మందిని. తిట్లన్నీ అయిపోయాక మిగిలిన పేరు ఒక్కటే. అది పలకలేక కత్తెర గోడకేసి కొట్టింది.

ఆదివారానికల్లా భుజం సంగతి ఊరంతా పాకింది. చర్చి బయట ఓక్ చెట్ల కింద మగవాళ్ళు గుంపుగా నిలబడ్డారు. హోయిట్ గొంతే ముందు వినిపించింది. "దెబ్బతిన్నవాణ్ణి ఎవడైనా ఆడిస్తాడా? బుద్ధున్న కోచ్ చేసే పనేనా?"

"వెంటనే పీకెయ్యాలి వాణ్ణి" అన్నాడొకడు.

"అసలు ఆ టెక్సాస్ వాణ్ణే ఉంచి ఉంటే గెలిచేవాళ్ళం" అన్నాడు ఇంకొకడు. "ప్యూ పని ఎప్పుడో అయిపోయింది. నేను ముందే అన్నాను."

"నువ్వు అనలేదు" అంది వెర్లీన్ వాళ్ళ మధ్యలోకి వచ్చి. "మీలో ఎవరూ అనలేదు. నీ ఇంటి ముందు అట్ట నిన్న పొద్దుటిదాకా ఉంది, నేను చూశాను. హోయిట్, నీ అరుపుకి నా చెవి ఇప్పటికీ గుయ్యిమంటోంది. రాత్రికి రాత్రి అందరూ పెద్దమనుషులైపోయారా?"

"మాకేం తెలుసే భుజం సంగతి?"

"తెలియనప్పుడు నోరు మూసుకుని ఉండాల్సింది. మీరూ, నేనూ."

"నువ్వే మొదలెట్టావు కదే!" హోయిట్‌కి కూడా రోషం వచ్చింది. "ఇప్పుడు మమ్మల్నంటావేం?"

"అవును. నేనే మొదలెట్టాను" అని ఆవిడ కారెక్కి తలుపు ధడేలున వేసుకుంది.

ఆ గురువారం యూలా గారి హోటల్లో నిలబడడానికి కూడా చోటు లేదు. హావర్టీ వచ్చాడు. రాకపోయినా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కారు. మనిషి వారంలో పదేళ్ళు పెద్దవాడైనట్టున్నాడు. డ్వైట్ మైకు తీయగానే జనం వెర్లీన్ వైపు తిరిగారు. "కడిగెయ్యమ్మా!" అని కేకేశారు. దారి ఇచ్చారు.

ఆవిడ మైకు పట్టుకుంది.  రెండో చెయ్యి కూడా వేసి పట్టుకుంది.

"కోచ్, మీకు తెలుసా, తెలియదా?"

"తెలుసు."

హోటల్లో గోల లేచింది. ఆవిడ వెనక్కి తిరిగి, "నేను మాట్లాడుతున్నాను" అంది. గోల ఆగింది.

"నేను ఇరవై తొమ్మిదేళ్ళుగా బస్సు నడుపుతున్నాను. పిల్లలు రోజూ ఏదో ఒకటి అరుస్తారు. పెద్దరోడ్డు మధ్యలో లేచి నిలబడి, 'ఇక్కడ దిగిపోతాను, తలుపు తియ్యి' అంటాడొకడు. ఏం కాదు, నాకు తెలుసు అంటాడు. బస్సులో నలభైమందీ వాడి వైపు చేరి 'తియ్యి, తియ్యి' అని అరుస్తారు. నేను తియ్యను. నన్ను తిట్టుకుంటారు. వాళ్ళమ్మలు ఫోన్లు చేసి తిడతారు. అయినా తియ్యను. నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టింది అందుకే. మీరు తీశారు కోచ్."

హావర్టీ తల ఊపాడు. "తీశాను."

"ఎందుకు?"

"ఈ ఉద్యోగం పోతే నాకు ఇంకొకటి రాదని భయమేసింది." రేడియోలో వినిపిస్తోందన్న సంగతి మరిచిపోయినట్టు మామూలుగా అన్నాడు. 

"మూడు వారాలు నేను ఆడించమని అడిగితే, ఒక్కసారైనా నా మొహం మీద 'నోర్ముయ్యవే, నీకేం తెలుసు' అనలేకపోయారా? అంటే నాకు కోపమొచ్చేది. వస్తే వచ్చేది!" ఆవిడ ఆయన బల్ల వైపు ఓ అడుగేసింది. "నాకు మీ మీద కోపం తగ్గదు. తగ్గించుకోను కూడా. కానీ బస్సులో అందరికంటే గట్టిగా అరిచింది నేను. ఈ హోటల్లోనే, ఈ మైకులోనే అరిచాను. విన్నవాళ్ళందరూ అది కూడా వినాలి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి ఎవడో, "ఇదేం గోలమ్మా, వాణ్ణి దిగిపొమ్మని చెప్పు చాలు" అన్నాడు. డ్వైట్ తొందరగా ట్రాక్టర్ల ప్రకటన పెట్టేశాడు. వెర్లీన్ ముందు పెట్టిన చేపలు అలాగే చల్లారిపోయాయి.

డిసెంబరు మొదటి వారంలో హావర్టీని తీసేశారు. మూడు రోజులకే ఊళ్ళో కొత్త కోచ్ ఎవరొస్తే మంచిదన్న వాదన మొదలైంది. కెండ్రెల్ భుజానికి ఆపరేషన్ అయింది. చెయ్యి పనికొస్తుంది గానీ బంతి విసరడానికి కాదని తేల్చి చెప్పారు. వెర్లీన్ తన పన్నెండో వరస సీటు వదులుకుంటానంది. హోయిట్ నమ్మలేదు. తర్వాత ఆవిడ కూడా నమ్మలేదు.

జనవరిలో ఓ శనివారం మధ్యాహ్నం, చిలగడదుంపల తీపి రొట్టె చేసుకుని ప్యూ ఇంటికెళ్ళింది. లెనోరా తలుపు తీసి, రొట్టె అందుకుని, లోపలికి రమ్మన్నట్టు పక్కకి జరిగింది. కెండ్రెల్ వంటింట్లో బల్ల దగ్గర పుస్తకం ముందేసుకుని ఉన్నాడు. కుడిచెయ్యి ఇంకా పట్టీలో ఉంది. మే నెలలో వాడి డిగ్రీ పూర్తవుతుంది.

"క్షమించమని అడగడానికొచ్చాను బాబూ" అంది ఆవిడ నిలబడే.

"రేడియోలో అడిగేశారుగా" అన్నాడు వాడు. కళ్ళు పుస్తకం మీదే ఉన్నాయి. "నన్ను అడక్కుండానే."

ఆవిడ కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది.

"నా భుజం అది మిస్ వెర్లీన్. ఆడతానన్నది నేను. మీరు అరిచినా ఆడేవాణ్ణి, అరవకపోయినా ఆడేవాణ్ణి. మా అమ్మ వేరేలా చెప్పుంటుంది." లెనోరా చప్పుడు చెయ్యకుండా పళ్ళేలు తీస్తోంది. "అప్పుడు ఊరంతా కలిసి నేను ఆడాలని తేల్చారు. ఇప్పుడు ఆడకుండా ఉండాల్సిందని తేల్చారు. నేను బస్సులో ఏడుపుగొట్టు పిల్లాణ్ణని రేడియోలో నాలుగు కౌంటీలకి చెప్పారు మీరు. నాకు ఇరవై రెండేళ్ళు!"

ఆఖరి మాటకి వాడి గొంతు లేచింది. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. అరవనిచ్చింది. చాలాసేపు అరిచాడు. కోచ్ గురించి, డాక్టరు గురించి, కింద పడ్డప్పుడు వినిపించిన అరుపుల గురించి, ఇంటి ముందు నుంచి పోతూ ఇప్పుడు చెయ్యి కూడా ఊపని జనం గురించి. ఆవిడ ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. అన్ని నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవడం ఆవిడకి అదే మొదటిసారి కాబోలు.

చివరికి వాడు ఊపిరి తీసుకుని, "ఇంకొకటి" అన్నాడు. "రెండేళ్ళ కింద టాల్బర్ట్ మీద, ఆఖరి నిమిషంలో నేను బంతి బయటికి విసిరేశానని రేడియోలో నన్ను తిట్టారు. గుర్తుందా?"

"తిట్టక?" ఆవిడ నోట్లోంచి మాట జారిపోయింది. "నాలుగు గజాలు చాలు మనకి. కుడి పక్క అంతా ఖాళీ. రెండు కాళ్ళున్నాయి, పరిగెత్తొచ్చుగా?"

"ఖాళీయా? ఇద్దరున్నారక్కడ!"

"ఒక్కడే ఉన్నాడు. పైనుంచి నేను చూశాను."

"మీకు పైనుంచి కనపడ్డం వేరు, నా మీదికి రావడం వేరు." వాడు ఎడమచేత్తో ఉప్పుసీసా, మిరియాలపొడి సీసా, రెండు చెంచాలు లాగి బల్ల మీద నిలబెట్టాడు. "ఇది నేను. ఇదిగో వీడు ఇక్కడ. ఇంకొకడు ఇక్కడ. ఇప్పుడు చెప్పండి ఎటు పరిగెత్తాలో."

లెనోరా రొట్టె ముక్కలు కోసి ఇద్దరి ముందూ పెట్టింది. ఎవరూ అటు చూడలేదు.

"ఇక్కడ కాదు వాడు నిలబడింది" అని వెర్లీన్ మిరియాల సీసాని రెండంగుళాలు పక్కకి జరిపింది.